పిలిస్తే పలకాలి

పోయిన ఆదివారం ప్రసన్న మా ఇంటికి వచ్చింది. డిగ్రీలో నాతోపాటు ఈత జట్టులో ఉన్న పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, జుట్టుకు రంగు వేస్తుంది, నన్ను కూడా వేయమని పోరు పెడుతుంది. శంషాబాద్‌లో మా కొత్త ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి "మంజులా!" అని గొంతు చించుకుని అరిచింది. నేను వంటింట్లో పప్పుకు పోపు వేస్తున్నాను. గరిటె గాల్లోకి ఎత్తి "ఓ!" అన్నాను. అంతే, ఆవిడ గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఇంకా పోలేదుటే నీకా అలవాటు?" అంది. వాళ్ళది గుంటూరు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం. ఇన్నేళ్ళయినా మాటలో ఆ సాగదీత పోలేదు, కానీ వంక పెట్టేది మాత్రం నాకు. మా పిల్లలు ఏమిటేమిటని చుట్టూ మూగారు. మీ అమ్మ ఈ 'ఓ' వల్ల చేతికందిన పతకాలు పోగొట్టుకుందర్రా అని ప్రసన్న కథ మొదలుపెట్టి సగం తప్పులు చెప్పింది. ఆ తప్పులు దిద్దడానికే ఇది రాస్తున్నాను. నలభై నిండకముందే జ్ఞాపకాలేమిటని మా ఆయన నవ్వుతున్నాడు. నవ్వనీ. ఆయనకు రాసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి కడుపుమంట.

మా ఊరు శంషాబాద్‌కూ తుక్కుగూడకూ నడుమ. మాకున్న కొద్దిపాటి పొలంలో ఆకుకూరలు వేసేవాళ్ళం. కొత్తిమీర, పాలకూర, మెంతికూర, ఒక మూలన పుదీన. వెలుతురు రాకముందే అమ్మా బాపూ మడుల్లో కూర్చుని కోస్తే, వాటిని వాకిట్లో వేసుకుని కట్టలు కట్టడం నా పని. ఒక పక్క కొత్తిమీర పచ్చి వాసన, ఒక పక్క పొయ్యి మీద బర్రె పాలు కాగే వాసన, ఆ తర్వాత జొన్నరొట్టె కాలే వాసన. అమ్మ రొట్టె తట్టే చప్పుడు వినపడిందంటే ఇక కట్టలు కట్టడం ముగించాలని లెక్క. వాటి మీద తడి గోనెపట్టా కప్పి బాపు ట్రాలీ ఆటోలో సిటీ మార్కెట్‌కు తీసుకెళ్ళేవాడు. బాపుకు మాట్లాడటం అంటే ప్రాణం. బర్రెతో మాట్లాడతాడు, ఆటోతో మాట్లాడతాడు, మొలకెత్తని మెంతుల దగ్గర గొంతుక్కూర్చుని నిలదీస్తాడు. అమ్మ తక్కువ మాటల మనిషి. స్వభావమే అదో, ఆ ఇంట్లో ఆమెకు సందు దొరక్కపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు ఈత నేర్పింది బాపే. మా వైపు పిల్లలు ఎవరు నేర్చుకున్నా పొలంలోని బావిలోనే నేర్చుకోవాలి. మాది మెట్లున్న పెద్ద బావి. నీళ్ళు నల్లగా, చల్లగా ఉండేవి, అడుగు ఎక్కడుందో ఎవరూ చూసింది లేదు. వీపుకు బెండ్లు, నడుముకు తాడు కట్టి, తాడు రెండో కొస తన చేతికి చుట్టుకుని బాపు పై మెట్టు మీద నిలబడేవాడు. "కాళ్ళు కొట్టు! చేతులు కాదే, కాళ్ళు! గట్ల కప్పలెక్క సాగదియ్యి!" అని అక్కడినుంచే పాఠం. కొన్నాళ్ళకు బెండ్లు పోయాయి. ఇంకొన్నాళ్ళకు తాడు తీసేసే రోజు వచ్చింది. ఆ రోజు బాపు నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టాడు. "ఇగ తాడు లేదు. నేను పిలిస్తె నువ్వు పలుకాలె. ఎంత దూరమున్నా, ఏం చేస్తున్నా, ఓ అనాలె. అనకపోతే మల్ల తాడు కడ్త" అన్నాడు. అప్పటినుంచి నేను బావి చుట్టూ గుండ్రంగా ఈదుతుంటే, బాపు పైన గడ్డి కోస్తూనో పారతో మడి సరిచేస్తూనో "మంజూ!" అని కేకేసేవాడు. నేను తల పైకెత్తి "ఓ!" అనేదాన్ని. బావి గోడలు ఆ మాటను ఇంకో రెండుసార్లు అనేవి. మళ్ళీ కొద్దిసేపటికి పిలుపు, మళ్ళీ 'ఓ'.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నెత్తిమీదుగా విమానాలు మొదలయ్యాయి. కొత్త విమానాశ్రయం తెరిచారని ఊరంతా గోడ పక్కకు వెళ్ళి చూసొచ్చింది. అందరూ సంబరపడితే బాపు ఒక్కడే కోపం తెచ్చుకున్నాడు. ఆయన పిలిచే సమయానికే ఒక విమానం బావి మీదుగా దిగేది. ఆ హోరులో పిలుపు నాకు వినపడదు, నా పలుకు ఆయనకు వినపడదు. విమానం దాటేదాకా ఆగలేక మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి, నేను కనపడ్డాక దాన్ని తిట్టేవాడు. "గీ ఇమానపోడికి పొద్దున తినే టైము గుడ ఉండదా? ఒకటి పోంగనే ఇంకొకటి!" నేను మాత్రం వెల్లకిలా తేలుతూ విమానాల పొట్టలు చూసేదాన్ని. అంత దగ్గరగా చూసినవాళ్ళు టికెట్ కొన్నవాళ్ళలోనూ తక్కువే ఉంటారు.

డిగ్రీకి సిటీలో చేరాను. ఈత వచ్చినవాళ్ళు ఎవరని ఆటల మాస్టారు క్లాసుల్లో అడుగుతూ వస్తే చెయ్యెత్తాను. అలా మొదటిసారి ఈత కొలనుకు వెళ్ళాను. కొలను చూడగానే నాకు భయం వేసింది. అడుగు కనపడుతోంది! నీలం పలకలు, వాటి మీద నల్ల గీతలు, ఎవరో పారేసుకున్న తలపిన్ను కూడా కనపడుతోంది. బావిలో ఎంత లోతుందో తెలియక ధైర్యంగా ఈదినదాన్ని, ఇక్కడ లోతు కళ్ళారా చూసి మెట్ల దగ్గరే ఆగిపోయాను. మా కోచ్ ఖలీల్ సార్‌ది పాతబస్తీ, పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద మనసు. నా జడ చూసి ఆయనకూ భయం వేసింది. పొద్దున్నే అమ్మ నెత్తికి కొబ్బరినూనె గిన్నెడు పట్టించి పంపింది మరి. నేను దిగీ దిగగానే నీళ్ళ మీద నూనె తెట్టె కట్టింది. "అరే బాబా, ఇది కొలనా, కడాయా?" అని సార్ నెత్తి పట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వెళితే అమ్మ నా జుట్టుకు పట్టిన బ్లీచింగ్ వాసన చూసి, "మోరిల చల్లే పౌడర్ వాసనొస్తుందేందే? అదేం కాలేజీ?" అంది. ఆకుకూరల ఆటోలో వెళ్ళేదాన్ని కాబట్టి జట్టులో నా పేరు కొత్తిమీర. ప్రసన్నే పెట్టింది. దగ్గరికొచ్చి వాసన చూసి మరీ పెట్టింది.

వంద మీటర్ల పందెంలో నేను ఎవరికీ పోటీ కాదు. మొదలుపెట్టడం రాదు, మలుపు రాదు, గోడ తగిలితే ఆగిపోయేదాన్ని. గుండ్రని బావిలో గోడ దాకా వెళ్ళి వెనక్కి తిరిగే పనేముంది? కానీ దూరం పెరిగేకొద్దీ మిగతావాళ్ళకు రొప్పు మొదలయ్యేది, నాకు అప్పుడే ఒళ్ళు వెచ్చబడేది. ఒకరోజు సార్ అందరినీ ఆపకుండా ఈదమన్నాడు. ఒక్కొక్కరే గట్టెక్కి టవల్ చుట్టుకుని టీ తాగుతున్నారు. నేను ఇంకా ఈదుతూనే ఉన్నాను. ఆపమని నాకెవరూ చెప్పలేదు కదా. ఆ రోజే ఖలీల్ సార్ నా పేరు పదిహేను వందల మీటర్ల పందేనికి రాశాడు. మలుపులు నేర్పాడు, ఊపిరి పక్కకు తీయడం నేర్పాడు, నా కప్ప ఈత మాన్పించి చేతులకు ఒక పద్ధతి నేర్పాడు. ఏడాది తిరగకముందే మా కాలేజీలో ఆ దూరంలో నా దరిదాపులకు వచ్చేవాళ్ళు లేరు. యూనివర్సిటీ పోటీల్లో మొదటి ఇద్దరిలో ఉంటే చాలు, దేశంలోని యూనివర్సిటీలన్నీ కలిసే పోటీలకు పంపిస్తారు. నాకు అప్పటికి రైలెక్కి రాష్ట్రం దాటింది లేదు. అక్కడికి వెళ్ళాలనే కోరిక ఎంతగా పట్టుకుందంటే, తిరుగు బస్సులో నిలబడి కూడా చేతులు తిప్పేదాన్ని. పక్కవాళ్ళు జరిగి కూర్చునేవారు.

మొదటి ఏడాది పోటీలకు బాపు వచ్చాడు. మార్కెట్ నుంచి నేరుగా, భుజాన గోనెపట్టాతో. పందెం సగం దాటింది, నేను రెండో స్థానంలో ఉన్నాను. గ్యాలరీలోంచి "మంజూ!" అని వినపడింది. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే కదా ఆపుకునేది! ఈత ఆపి, నిలువుగా తేలి, తల ఎత్తి "ఓ!" అన్నాను. జనం గొల్లున నవ్వారు. బాపు ఒకసారి పిలిచి ఊరుకునే మనిషైతే బాగుండేది. మూడో స్థానంలో వచ్చాను. ఖలీల్ సార్ టోపీ తీసి నేలకు కొట్టాడు. ప్రసన్న అయితే అప్పటినుంచి అభ్యాసంలో నేను మంచి ఊపులో ఉన్నప్పుడల్లా గట్టు మీదినుంచి "మంజులా" అని తీయగా పిలిచేది. నేను పలికేదాన్ని. దానికదో ఆట.

రెండో ఏడాది సార్ ఉపాయం ఆలోచించాడు. పందేనికి ముందు నా చెవుల్లో మైనం కుక్కాడు. "అబ్ బోలో, ఇప్పుడెట్ల వినిపిస్తది?" అన్నాడు, ఆ మాట నాకు వినపడలేదు, తర్వాత ప్రసన్న చెప్పింది. నీళ్ళలోకి దిగాను. అంతా మూగగా ఉంది. కొంతదూరం పోయేసరికి నాలో ఒక పురుగు తొలిచింది. బాపు పిలుస్తూనే ఉంటాడు. నాకు వినపడటం లేదంతే. పలకకపోతే ఆయన ఏమైపోతాడు? ఇక లాభం లేదని, పిలిచినా పిలవకపోయినా ప్రతి మలుపు దగ్గరా తల ఎత్తి "ఓ" అంటూ పోయాను. నిజానికి ఆ ఏడాది బాపు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఒక్కసారే పిలిచాడట. నేను పలికిన పలుకులకు మాత్రం లెక్క లేదు. మళ్ళీ మూడో స్థానం.

ఇక్కడ ఇప్పటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇప్పుడు ఒక బడిలో పిల్లలకు ఈత నేర్పుతున్నాను. ప్రతి పిల్లకూ రంగు కళ్ళద్దాలు, రంగు టోపీ, చేతికి గుండె వేగం చెప్పే గడియారం. తల్లిదండ్రులు అద్దాల అవతల చల్లటి గదిలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. వాళ్ళను తప్పుపట్టను. గట్టు మీద నేనున్నాను, ఇంకో ఇద్దరు మనుషులున్నారు, భయపడాల్సిందేమీ లేదు. ఈ పిల్లలు ఈదే తీరు చూస్తే నా డిగ్రీ నాటి ఈతకు నాకే నవ్వొస్తుంది. అయినా గడియారం ఎంత చెప్పినా నా నోరు ఊరుకోదు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తూనే ఉంటాను. "మేడమ్, ఈదేటప్పుడు ఎందుకు డిస్టర్బ్ చేస్తారు?" అని ఒక తల్లి మొన్న మర్యాదగానే అడిగింది. నవ్వేసి, తర్వాతి పిల్లను పేరుపెట్టి పిలిచాను.

మూడో ఏడాది, అంటే నాకు చివరి అవకాశం, పోటీలకు ముందు ఖలీల్ సార్ బాపును పిలిపించాడు. కొలను పక్కన రేకుల కింద ముగ్గురం కూర్చున్నాం. సార్ టీ తెప్పించాడు.

"చూడన్నా, నీ బిడ్డకు దమ్ముంది. ఈసారి దాటితే బయటి రాష్ట్రం పోతది. నువ్వు జర నోరు ఆపుకుంటే చాలు" అన్నాడు.

"ఆపుకుందామనే వస్త సార్. పిల్ల నీళ్ళల్ల దిగంగనే నోరు దానంతటదే తెరుసుకుంటది" అన్నాడు బాపు.

"ఎందుకు భయం? ఈత నేర్పింది నువ్వే కదా!"

బాపు టీ గ్లాసు కింద పెట్టాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు. "నేర్పిన. కానీ నాకు రాదు సార్" అన్నాడు.

"ఏం రాదు?"

"ఈత. మోకాళ్ళు దాటి ఎన్నడు దిగలే. మా అయ్యకు గుడ రాకుండె. పిల్లకన్న రావాలె అని, వేరేటోళ్ళు నేర్పేది చూసి గట్లనే చెప్పిన. తాడున్నన్ని రోజులు గుంజొచ్చు. తాడు తీసినంక నేనేం చెయ్యాలె? మునిగితే దుంకి తీసేటోన్ని కాదు. నా దగ్గర ఉన్నది గొంతొక్కటే. పలికిందా, ఉన్నది. పలుకలేదా, ఊరోళ్ళను పిలవాలె."

ఖలీల్ సార్ తన టీ కూడా బాపు ముందుకు జరిపాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ళు మా బాపును మించిన ఈతగాడు ఆ చుట్టుపక్కల లేడని నేను ప్రసన్నతో కోతలు కోశాను. బావిలో దిగమంటే "నా ఈత చిన్నప్పుడే అయిపోయింది" అనేవాడు, నమ్మాను. ఇంటికెళ్ళి అమ్మను అడిగితే రొట్టె తట్టడం ఆపకుండా, "నీకు తెల్వదా? వానకాలం వాగు దాటాలంటే నా చెయ్యి పట్టుకుంటడు" అంది. ఊరందరికీ తెలుసట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

పోటీల రోజు బాపు తెల్ల ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సార్ మీద ఒట్టేసి, నోరు తెరవనని చెప్పి గ్యాలరీలో మొదటి వరుసలో కూర్చున్నాడు. చెవుల్లో మైనం వద్దన్నాను. ఈల మోగింది, దూకాను. మొదట్లో హాయిగా ఉంది. పిలుపు లేదు. చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. నేను మూడో స్థానంలో ఉన్నాను, నా ముందు ఇద్దరు పొడుగు పిల్లలు. సగం దూరం అయింది. ఇంకా పిలుపు లేదు. మాట నిలబెట్టుకుంటున్నాడులే అనుకున్నాను. ఊపిరి కోసం తల తిప్పినప్పుడు గ్యాలరీ వైపు చూశాను. మొదటి వరుసలో ఆ తెల్ల చొక్కా లేదు. ఇంకో మలుపు తిరిగి మళ్ళీ చూశాను. లేదు. ఎక్కడికి వెళ్ళాడు? కళ్ళు తిరిగాయా? పొద్దుటినుంచి ఏమీ తినలేదు కూడా. దవాఖానకు గానీ తీసుకెళ్ళారా? నాకు ఒక్క కేక వినపడితే చాలు, ఉన్నాడని తెలుస్తుంది. ఆ కేక కోసం రెండు చెవులూ అటే పెట్టాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతకుముందు ఎప్పుడూ నేను పందెం తొందరగా అయిపోవాలని ఈదలేదు. ఆ రోజు ఈదాను. గట్టెక్కి ఆయన్ను వెతకాలి, అంతే. ఒక పొడుగు పిల్లను ఎప్పుడు దాటానో నాకు తెలియదు. గోడ తాకేసరికి ఖలీల్ సార్ "సెకండ్! సెకండ్!" అని గెంతుతున్నాడు, ప్రసన్న ఏడుస్తోంది. ఆ రెండో స్థానంతోనే నేను రైలెక్కి యూనివర్సిటీల పోటీలకు వెళ్ళాను, అక్కడ ఆరోదాన్నై వచ్చాను. నా ఈత చరిత్రలో అంతకన్నా పెద్ద సంగతులు లేవు. కానీ ఆ నిమిషాన అవేవీ నాకు పట్టలేదు. టవల్ చుట్టుకుని, చెప్పులు లేకుండా, ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా గేటు వైపు పరుగెత్తాను.

గేటు బయట, రోడ్డుకు అవతల పక్క మా ట్రాలీ ఆటో ఉంది. బాపు అందులో కూర్చుని, ఆపి ఉన్న బండి హ్యాండిల్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఎదురుగా గోడ వైపు చూస్తున్నాడు.

"బాపూ!" అని అరిచాను.

ఉలిక్కిపడి "ఓ!" అన్నాడు.

"యాడికి పోయినవ్? చెప్పి పోవద్దా? చూస్తె నువ్వు లేవు, పిలుస్తవేమో అని ఎంత చూసినా పిలుస్తలేవు! ఏమైందో ఏమో అని నీళ్ళల్ల ఎంత పరేషానైనో తెల్సా నీకు?" రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఆడ కూసుంటే పిలుస్తనని భయమై ఈడికొచ్చిన" అన్నాడు. నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసుకున్నాడు. మెడలోని రుమాలు తీసి నా నెత్తి తుడుస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు.

"గిప్పుడు తెలిసిందా బిడ్డా?" అన్నాడు.

బట్టలు మార్చుకొచ్చి బండెక్కాను. ఎన్నో నంబర్ వచ్చావని ఆయన అడగలేదు. చెప్పాలని నాకు గుర్తొచ్చేసరికి మేం మా ఊరి దారిలో గగన్‌పహాడ్ దాటేశాం.